పిరమైన తేలిక

రువీ సందుల మా సైకిళ్ళ దుకాణం.
షట్టరు సగమెత్తితే చాలు, ఎండ పూర్తిగ లోపలికొస్తది.
పొద్దుగాలనే వచ్చిండు ఖల్ఫాన్ సారు,
కౌంటరు మీద ఒక డబ్బా పెట్టిండు.
డబ్బాల నల్లగుడ్డ, గుడ్డల
కొంగకాళ్ళ లాంటి సన్నటి కడ్డీలు.
వెనక చక్రం మీద బిగించే క్యారేజి.
టైటానియమట.
తొంభై అయిదు రియాళ్ళట.

ఊరికి పోయేటప్పుడు సూట్‌కేసుకు తగిలించే
కొక్కెం కాంటా ఉంది నా దగ్గర.
దానికే వేలాడదీసిన.
నిద్రల మసిలినట్టు ముల్లు కొద్దిగ కదిలింది.
"మూడువందల నలభై గ్రాములు" అన్నడు సారు,
బిడ్డ పుట్టిన బరువు చెప్పినట్టు.

గోడకు మా ఇనుప క్యారేజి, ఆరు రియాళ్ళది.
తొమ్మిదివందల గ్రాములు.
తేడా అయిదువందల అరవై,
మా దిక్కు లెక్కల యాభై ఆరు తులాలు.
బంగారమైతే ఒక ఇల్లు.
ఇనుమైతే
దారిల తాగి పారేసే ఒక సీసా నీళ్ళు.

"నువ్వు చెప్పు, గిట్టుతదా?"
వచ్చీరాని హిందీల అడిగిండు.

నవ్వొచ్చింది. ఆపుకున్న.
పోయినసారి ఎయిర్‌పోర్టుల
ముప్పై కిలోల మీద ముప్పావు కిలో ఎక్కువైతే
నేల మీద కూసోని
మిక్సీ అట్టడబ్బా చింపినోణ్ణి నేను.
సబ్బుల కాగితాలు ఒలిచిన,
రెండంగీల మీద మూడోది తొడిగిన,
కొత్త బూట్లు ఎక్కించుకోని
పాత చెప్పులు ఆడనే ఇడిచిన.
గ్రాముల కోసం మనిషి ఎంత దూరం పోతడో నాకెరుకే.
ఆయనది కొండెక్కే లెక్క,
నాది విమానమెక్కే లెక్క.

లేబులు మీద మాత్రం సన్నగ రాసుంది:
ఇరవై కిలోలు దాటొద్దు.
నా స్పానరు ఆడ ఆగింది.

మా రూములోడు రాజలింగం.
తుఫాను వచ్చిన ఏడు, ఆ రాత్రి,
పరంజా మీదికెల్లి జారి మడమ ఇరగ్గొట్టుకున్నడు.
రోడ్లన్నీ వాగులు. టాక్సీ ఒక్కటి ఆగలే.
నా సైకిలు వెనక కూసోబెట్టిన.
అరవై రెండు కిలోలు, తడిసిన బట్టల బరువు వేరే.
కొంత తొక్కుకుంట, కొంత తోసుకుంట
దవాఖాన దాకా.
దారంతా వాడు కంపెనీని తిట్టిండు,
దేవుణ్ణి తిట్టిండు, గుంతల పడ్డప్పుడల్లా నన్ను తిట్టిండు.
క్యారేజి నోరెత్తలే.
తెల్లారి చూస్తే ఒక అతుకు ఊడింది.
సందు చివర బలూచీ వెల్డరు
రెండువందల బైసాలకు అతికిండు,
చాయ్ తాగినంత సేపట్ల.
ఈ టైటానియం విరిగితే
మస్కట్ల అతికేటోడు ఉన్నడో లేడో.

ఇదంతా చెప్పేంత హిందీ నాకు లేదు.
"దీని మీద ఏం మోస్తవు సారు?" అని మాత్రం అడిగిన.
"ఒక అంగీ. ఒక దుప్పటి. రెండు ట్యూబులు.
ఆమెరాత్ కొండెక్కి కురియాత్ పోవాలె,
మా మేనత్త దగ్గరికి."
"మనిషిని?"
"మనిషినా? మనిషినెందుకు?"
"అయితే గిట్టుతది" అన్న.
రంగు గీసుకోకుండ గుడ్డ చుట్టి
నాలుగు మరలు బిగించిన.

వారానికి మళ్ళ వచ్చిండు,
ముక్కు మీద తోలు లేచి, కండ్లు ఎర్రగ.
"పోయేటప్పుడు ఉందో లేదో తెల్వనే తెల్వలే" అన్నడు.
"మరి వచ్చేటప్పుడు?"
"మేనత్త ఖర్జూరాలు కట్టింది. ఎనిమిది కిలోలు.
వద్దంటే ఏడ్చింది."
కొండ మీద నడిపించుకుంట వచ్చిండట.
ఒక పొట్లం నా కౌంటరు మీద పెట్టి
చెమట తుడుచుకున్నడు.

రాత్రి షట్టరు గుంజి
పాత ట్యూబు ముక్కతోని పొట్లాన్ని
నా ఇనుప క్యారేజికి కట్టిన.
స్పీడ్‌బ్రేకరు దగ్గర కిర్రుమంది, ఆ అతుకు కాడ.
రాజలింగం గేటు కాడ నిలబడి ఉన్నడు,
ఎడమ మడమ మీద బరువు పడకుండ.
పొట్లం చేత్తో ఎత్తి చూసిండు.
"ఎంతుంటయిరా?"
"తూచలే" అన్న.